ఎండ తిన్నదెంత, మనం పోగొట్టుకున్నదెంత

గోదావరి జిల్లాల్లో గ్యాస్ టర్బైన్ల దగ్గర షిఫ్టు డ్యూటీలు చేస్తూ, మధ్యలో నాలుగేళ్లు గల్ఫ్ వెళ్లొచ్చి, మొత్తం ముప్ఫై వేసవులు ఈ యంత్రాల మధ్యే గడిపాను. 2003 వడగాడ్పులూ, 2015 వడగాడ్పులూ రెండూ కంట్రోల్ రూములో కూర్చుని చూశాను. బయట జనం ఎండదెబ్బకి పోతున్నారని పేపరు చెబుతుంటే, మన కళ్ల ముందే మీటరు మీద మెగావాట్లు దిగిపోతుంటాయి. ఊరికి కరెంటు ఎక్కువ కావలసిన వేళకే మన చెయ్యి కుంగుతుంది. ఆ బాధ పడ్డవాడికే తెలుసు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే ఇంజినీర్లు వేసవిలో లోడ్ పడిపోతే "ఎండ సార్" అని ఒక్క మాటతో తేల్చేస్తున్నారు. ఆ మాట నిజమే, కానీ సగమే నిజం. ఆ రెండో సగం మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

1. టర్బైన్ కుంచంతో కొలుస్తుంది, త్రాసుతో తూచదు

నేను చేరిన తొలి వేసవి. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. తెల్లవారుజామున 34 మెగావాట్లు ఇచ్చిన మిషను 30 దగ్గర నిలబడింది. లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఫోను: "లోడ్ ఎందుకు తగ్గించారు?" నేనేమీ తగ్గించలేదు. గ్యాస్ ప్రెషర్ చూశాను, వాల్వు చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. మా షిఫ్ట్ ఇన్‌చార్జి గారు ఏమీ మాట్లాడకుండా నన్ను వెంటబెట్టుకుని ఫిల్టర్ హౌస్ మీదికి తీసుకెళ్లారు. ఇనప నిచ్చెన పట్టుకుంటే అరచెయ్యి చుర్రుమంది. పైన గాలి లోపలికి లాగేసే చోట నిలబెట్టి, "తాలు గింజలు కుంచం నిండా పోసినా తూకానికి తేలిపోతాయి కదా, ఈ గాలి తాలుగాలి నాయనా" అన్నారు. ముప్ఫై ఏళ్లలో ఇంతకంటే తేలిగ్గా ఈ సంగతి చెప్పినవాళ్లు నాకు తగల్లేదు.

గ్రిడ్ నిలకడగా ఉన్నంతవరకు కంప్రెసర్ ఒకే వేగంతో తిరుగుతుంది. మా మిషను నిమిషానికి సుమారు 5,100 చుట్లు. వేగం మారదు కాబట్టి లోపలికి పీల్చే గాలి పరిమాణం కూడా మారదు. మారేది బరువు. 15 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. 45 డిగ్రీల దగ్గర అదే ఘనమీటరు 1.11 కిలోలే. గాలి బరువు తగ్గితే దాంట్లో కాల్చగలిగే గ్యాసూ తగ్గుతుంది, బ్లేడ్లని తోసే బలమూ తగ్గుతుంది.

దెబ్బ అక్కడితో ఆగదు. టర్బైన్ పుట్టించే శక్తిలో సగానికి పైగా కంప్రెసరే తినేస్తుంది. వేడిగాలిని నొక్కడానికి కిలోకి ఇంకా ఎక్కువ శక్తి కావాలి. అంటే రాబడి తగ్గిన నెలలోనే ఇంటి ఖర్చు పెరిగినట్టు. రెండూ కలిసి డిగ్రీకి సుమారు 0.7 శాతం చొప్పున కోసేస్తాయి. మిషను రకాన్ని బట్టి అది 0.5 నుంచి 0.9 దాకా ఉంటుంది. విమానం ఇంజన్ నుంచి పుట్టిన టర్బైన్లు ఈ విషయంలో మరీ సుకుమారం.

నేమ్‌ప్లేట్ మీద అంకె చూసి మోసపోకండి. అది ఐఎస్‌ఓ లెక్క: 15 డిగ్రీలు, 60 శాతం తేమ, సముద్రమట్టం. మన జిల్లాల్లో 15 డిగ్రీలంటే భోగిమంట వేసే తెల్లవారుజామున ఎప్పుడైనా కనపడాలి. ఐఎస్‌ఓ కాగితం మీద 38 మెగావాట్లున్న మిషను మన దగ్గర ఏడాది పొడుగునా 33, 34 ఇస్తే అది బాగా నడుస్తున్నట్టే లెక్క.

2. ముందు థర్మామీటరు ఎక్కడుందో చూడండి

నా ఉద్యోగ జీవితంలో నేను బాగా నేర్చుకున్న పాఠం ఇది. మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే దీన్నే గుర్తుంచుకోండి.

ప్రతి టర్బైన్‌కీ కరెక్షన్ కర్వు ఉంటుంది. ఈ ఉష్ణోగ్రతకి ఇంత లోడ్ రావాలి అని తయారీదారు గీసిచ్చిన గీత. ఒక ఏడాది ఏప్రిల్ నుంచి మా లోడ్ మెల్లగా దిగుతూ వచ్చింది. మే మొదటివారానికి మధ్యాహ్నం 29 కూడా దాటడం లేదు. రోజూ కర్వు తీసి చూస్తున్నాం. బయటి ఉష్ణోగ్రత 46 చూపిస్తోంది, 46కి 29 రావడం న్యాయమే అంటోంది కర్వు. అందరం "ఎండ" అనుకుని లాగ్‌షీట్‌లో సంతకాలు పెడుతున్నాం. మూడు వారాలు అలాగే గడిచిపోయాయి.

అప్పట్లో మా దగ్గర ట్రెయినీగా చేరిన ఒకమ్మాయి అడిగింది: "సార్, రేడియోలో మన ఊళ్లో 42 అంటున్నారు, మనకి 46 ఎందుకుంది?" ఆ ప్రశ్న మాలో ఒక్కరికీ తట్టకపోవడం నాకు ఇప్పటికీ బాధే. వెళ్లి చూస్తే ఆ సెన్సారు ఫిల్టర్ హౌస్ పడమటి గోడ రేకు మీద బిగించి ఉంది. మధ్యాహ్నం నుంచి సూర్యుడు సూటిగా దాని మీదే. అది చెబుతున్నది రేకు వేడి, గాలి వేడి కాదు. కంప్రెసర్ ముందు డక్టులో ఇంకో థర్మామీటరు వేలాడదీసి చూశాం. 42. కర్వు ప్రకారం 42కి 30 దాటి రావాలి. మరి పోయిన మెగావాటున్నర ఎక్కడ?

అది కంప్రెసర్ బ్లేడ్ల మీద ఉంది. కోతలైన పొలాల్లో వరిగడ్డి కాల్చిన మసి, రైసుమిల్లుల ఊక బూడిద, సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పు చెమ్మ, బేరింగుల దగ్గర లీకయ్యే నూనె ఆవిరి, ఇవన్నీ కలిసి బ్లేడు మీద జిగురులా పేరుకుపోయాయి. శుక్రవారం రాత్రి మిషను ఆపాం. లోపలి భాగాలు 65 డిగ్రీల కిందికి చల్లారేదాకా ఆగి, తక్కువ వేగంలో తిప్పుతూ సబ్బునీళ్లు కొట్టాం. ఇరవై నిమిషాలు నానబెట్టి, మంచినీళ్లతో కడిగాం. డ్రెయిన్ పైపు దగ్గర నేనే బకెట్ పట్టుకు కూర్చున్నాను. మొదటి బకెట్ నీళ్లు కాటుక రంగు. నాలుగోది టీ రంగు. తొమ్మిదో బకెట్‌లో అడుగు కనపడింది. ఆదివారం మధ్యాహ్నం అదే ఎండలో మిషను 30 దాటింది.

తప్పుడు థర్మామీటరు మా మురికిని ఎండ పేరు మీద మాఫీ చేసేసింది. అప్పటినుంచి వేసవి రావడానికి ముందే, మార్చిలోనే, నేను మూడు పనులు చేయించేవాణ్ణి: థర్మామీటర్లు సరిచూడటం, కంప్రెసర్ కడగడం, ఫిల్టర్ల ప్రెషర్ డ్రాప్ రాసిపెట్టుకోవడం. ఫిల్టర్ దగ్గర 100 మిల్లీమీటర్ల నీటిమట్టమంత ప్రెషర్ అదనంగా పోతే ఒకటిన్నర శాతం దాకా లోడ్ పోతుంది. అంటే ఎండ రెండు డిగ్రీలు పెరిగినట్టు. ఎండని మార్చలేం. ఫిల్టర్ మార్చగలం.

3. కుండ ఎప్పుడు చల్లబడుతుందో మీ అమ్మమ్మకి తెలుసు

ఫ్రిజ్‌లు రాకముందు ఇళ్లల్లో ఇసక మీద కొత్త కుండ పెట్టి నీళ్లు పోసేవాళ్లు. కిటికీలకి ఒట్టివేళ్ల తడికలు కట్టి తడిపేవాళ్లు. పడమటి గాలి తోలిన రోజు కుండ నీళ్లు ఐసులా ఉండేవి. ఉక్కపోత రోజున అదే కుండ, అవే నీళ్లు, గోరువెచ్చగా. టర్బైన్ ముందు పెట్టే ఎవాపరేటివ్ కూలర్ ఈ ఒట్టివేళ్ల తడికకి పెద్దన్న. తడిసిన అట్టల లాంటి పలకల మధ్యనుంచి గాలి వెళుతుంది, నీళ్లు ఆవిరవుతూ గాలిలోని వేడి తీసుకుంటాయి.

ఎంతవరకు చల్లబరచగలమో చెప్పేది తడిబల్బు ఉష్ణోగ్రత. థర్మామీటరు బల్బుకి తడిగుడ్డ చుట్టి గాలికి పెడితే చూపించే అంకె అది. దానికంటే కిందికి ఏ తడికా దించలేదు. మంచి కూలర్ ఆ దూరంలో 85 శాతం దాకా నడిపిస్తుంది. లెక్క చూడండి. పడమటి గాలి వీచిన రోజు 43 డిగ్రీలు, తేమ 20 శాతం. తడిబల్బు 24 దగ్గర ఉంటుంది. టర్బైన్‌కి 27 డిగ్రీల గాలి అందుతుంది. ఆ ఒక్క తడిక తెల్లవారుజామును మధ్యాహ్నానికి తెచ్చిపెడుతుంది. అదే కాకినాడ వైపు సముద్రపు గాలి తిరిగిన సాయంత్రం 36 డిగ్రీలు, తేమ 60 శాతం. తడిబల్బు 29. ఎంత నీళ్లు పారించినా 30 కిందికి రాదు. ఆరు డిగ్రీల లాభంతో సరిపెట్టుకోవాలి.

నీటి ఖర్చు కూడా తెలిసుండాలి. మా సైజు మిషను సెకనుకి సుమారు 135 కిలోల గాలి పీలుస్తుంది. దాన్ని పది డిగ్రీలు చల్లబరచడానికి గంటకి రెండు టన్నుల నీళ్లు ఆవిరవుతాయి. దానికి బదులు రెండు మెగావాట్ల పైచిలుకు వస్తుంది. గోదావరి పక్కన ఇది మంచి బేరం. నీళ్లు ట్యాంకర్లలో తెచ్చుకునే చోట మాత్రం వేసవిలో మనిషి తాగే నీళ్లతో పోల్చుకుని ఆలోచించమంటాను.

గల్ఫ్‌లో వేరే లోకం చూశాను. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి నేలమీద తీరానికి దూరంగా ఉంటే తడికలు అద్భుతంగా పనిచేస్తాయి, కానీ నీళ్లుండవు. తీరంలో ఉంటే నీళ్లుంటాయి (సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసుకుంటారు), కానీ ఉక్కపోతకి తడిక పనిచెయ్యదు. అందుకే నేను పనిచేసిన చోట చిల్లర్లు పెట్టారు. రాత్రి కరెంటు తక్కువ వాడే వేళ నీళ్లని చల్లబరచి పెద్ద ట్యాంకులో దాచి, మధ్యాహ్నం ఆ నీళ్లని టర్బైన్ ముందు కాయిల్స్‌లో తిప్పేవాళ్లు. రాత్రి చల్లదనాన్ని పగటికి మిగుల్చుకోవడమన్నమాట. ఆ ట్యాంకు వాల్వులు తిప్పే కుర్రాళ్లలో అమలాపురం వాళ్లు ఇద్దరు, కడప అతను ఒకడు. పక్కన ట్యాంకులో మంచులాంటి నీళ్లు, వాళ్ల ఒంటిమీద చెమటతో తడిసి ఎండి తెల్లగా ఉప్పు కట్టిన చొక్కాలు.

చిల్లర్ ఉంది కదా అని మరీ కిందికి దించకూడదు. కంప్రెసర్ మూతి దగ్గర గాలి వేగం అందుకుంటూ ఇంకో ఐదు డిగ్రీల దాకా చల్లబడుతుంది. తేమగాలి అక్కడ మంచు కడితే ఆ ముక్క వెళ్లి బ్లేడుని కొడుతుంది. అందుకే ఎనిమిది, పది డిగ్రీల దగ్గర ఆపేవాళ్లం.

ఇక్కడ మన పాలకులు, ఇంజినీర్లు ఇద్దరూ ఆలోచించాల్సిన మాట ఒకటుంది. ఇప్పుడు పగటి ఎండకి సోలార్ అండగా ఉంది. గ్యాస్ టర్బైన్ అవసరం పొద్దు వాలాక, ఏసీలన్నీ తిరుగుతూ సోలార్ లేని వేళకి జరిగింది. కోస్తాలో ఆ వేళ ఉక్కపోత వేళ. మధ్యాహ్నపు పొడి ఎండని దృష్టిలో పెట్టుకుని కొన్న తడికలు రాత్రి ఎనిమిదింటికి అంతగా ఆదుకోవు. కొత్తగా కూలింగ్ పెట్టేవాళ్లు రాత్రి తడిబల్బు అంకెలు ముందేసుకుని కూర్చోవాలి.

4. చల్లదనం కోసం ఉప్పు తాగించకండి

బోరునీళ్లు తడికల్లో తిప్పితే నెల తిరక్కుండా పలకల మీద సున్నం కడుతుంది. సున్నం కట్టిన చోట గాలి దారి తప్పి వేగం పుంజుకుని నీటి తుంపరని ఎత్తుకుపోతుంది. ఆ తుంపరలో సోడియం ఉంటుంది. వేడి బ్లేడు మీద అది ఇంధనంలోనో గాలిలోనో ఉన్న గంధకంతో కలిసి లోహాన్ని తినేస్తుంది. ఇక సన్నటి నాజిల్స్‌తో పొగమంచులా చల్లే ఫాగింగ్ పద్ధతికైతే డీఎం నీళ్లు (లవణాలు తీసేసిన నీళ్లు) తప్ప వేరేవి వాడనే కూడదు. ఒక ప్లాంటులో ఈ పొదుపు చేశారు. విప్పి చూసినప్పుడు ఆ బ్లేడ్లు చెదపురుగు పట్టిన తాటాకుల్లా ఉన్నాయి.

5. లోడ్ కోసం మంట పెంచకండి

ఎగ్జాస్ట్ టెంపరేచర్ హద్దు దాటకుండా కంట్రోల్ సిస్టం గ్యాసుని కట్టేస్తుంది. వేసవిలో మీరు ఎంత రైజ్ బటన్ నొక్కినా లోడ్ పెరగకపోవడానికి అదే కారణం. అప్పుడు పైనుంచి ఫోన్లు వస్తాయి. "కాస్త సెట్టింగ్ జరపలేమా?" అంటారు. జరపొచ్చు. పీక్ లోడ్ అని ఒక మోడ్ కూడా ఉంటుంది. కానీ బ్లేడ్ల మీదికి వచ్చే మంట వేడిని 56 డిగ్రీలు పెంచి ఒక గంట నడిపితే, మామూలుగా ఆరు గంటలు నడిపినంత ఆయుష్షు పోతుందని తయారీదారులే చెబుతారు. వేసవిలో రోజుకి నాలుగు గంటలు అలా నడిపితే దీపావళికి చెయ్యాల్సిన ఓవర్‌హాల్ వినాయకచవితికే నెత్తిమీదికొస్తుంది. ఆసుపత్రికి కరెంటు పోయే పరిస్థితి వస్తే నడపండి, రాతపూర్వకంగా రాసుకుని నడపండి. నెలాఖరు లెక్క నింపడం కోసమైతే వద్దు.

6. గ్రిడ్ జారితే మనమూ జారతాం

2003కి ముందు సదరన్ గ్రిడ్‌లో పనిచేసినవాళ్లకి ఫ్రీక్వెన్సీ మీటరు వైపు చూడకుండా అన్నం సయించేది కాదు. ఉండాల్సింది 50. వేసవి సాయంత్రాల్లో 48.5 కిందికి జారిన రోజులు ఎన్నో చూశాను. ఫ్రీక్వెన్సీ తగ్గిందంటే మన మిషను వేగం తగ్గినట్టే, రెండూ ముడిపడే ఉంటాయి. వేగం మూడు శాతం తగ్గితే పీల్చే గాలి కూడా దాదాపు అంతే తగ్గుతుంది. అసలే వేడిగాలి, ఆపైన తక్కువ గాలి. గవర్నర్ గ్యాస్ పెంచమంటుంది, ఎగ్జాస్ట్ టెంపరేచర్ కంట్రోల్ కుదరదంటుంది. హద్దు కాపాడే కంట్రోలే గెలవాలి, గెలుస్తుంది. లోడ్ పడుతుంది. లోడ్ పడితే గ్రిడ్ ఇంకాస్త జారుతుంది. ఆపదలో ఉన్నవాడు సాయమడిగినప్పుడే చేతిలో ఉన్నది కూడా జారిపోవడం లాంటిది.

ఒక మే నెల సాయంత్రం మీటరు 48.2 దగ్గర వణుకుతుంటే, కంట్రోల్ రూములో మేం ఐదుగురం గాలి పీల్చడం మరిచిపోయి నిలబడ్డాం. ఎక్కడో ఫీడర్లు తీశారు. 48.4, 48.6. ఆ రాత్రి కరెంటు పోయిన పల్లెల్లో మా ఊరూ ఒకటని మర్నాడు తెలిసింది. 2003 జనవరిలో సదరన్ రీజియన్‌లో ఏబీటీ (అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్) లెక్కలు వచ్చాయి. తక్కువ ఫ్రీక్వెన్సీలో ఎక్కువ లాగినవాడి జేబుకి చిల్లు పడటం మొదలయ్యాక మీటరు నిలకడకొచ్చింది. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్‌ని దేశపు గ్రిడ్‌తో కలిపారు. ఇప్పటి పిల్లలకి 48.2 అంటే నమ్మశక్యంగా ఉండదు. అయినా ఈ భౌతికశాస్త్రం మారలేదు. వేసవిలో మీ మిషను వేగం పడితే ఎంత లోడ్ పోతుందో చల్లటి రోజు లెక్కతో అంచనా వెయ్యకండి.

7. ఆవిరి వైపు, నూనె వైపు

కంబైన్డ్ సైకిల్‌లో ఎండ గ్యాస్ టర్బైన్‌తో ఆగదు. పొగ తగ్గితే బాయిలర్‌లో ఆవిరి తగ్గుతుంది. కూలింగ్ టవర్ నీళ్లు తడిబల్బు కంటే నాలుగైదు డిగ్రీలు పైనే ఉంటాయి కాబట్టి ఉక్కపోత రోజున కండెన్సర్ వాక్యూమ్ పడుతుంది, స్టీమ్ టర్బైన్ కూడా కుంగుతుంది. పొడి ఎండ గ్యాస్ టర్బైన్‌కి శత్రువైతే, ఉక్కపోత ఆవిరి టర్బైన్‌కి శత్రువు. రెండింటినీ ఒకే గాటన కట్టి "ఎండ" అని రాయకండి.

ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ టెంపరేచర్, కంట్రోల్ కార్డుల గదిలో ఏసీ, టర్బైన్ గది వెంట్ ఫ్యాన్లు, ఈ మూడూ వేసవిలో గంటగంటకీ చూడండి. మా దగ్గర మిషను వేసవిలో ట్రిప్పయిన సందర్భాల్లో టర్బైన్ తప్పు ఉన్నవి తక్కువ. కార్డుల గది ఏసీ ఆగిపోయి ట్రిప్పయినవే ఎక్కువ.

8. ఫిల్టర్ హౌస్‌లో మనిషి ఉంటాడు

ఇది చివర్లో రాస్తున్నాను కానీ నా మనసులో ముందుంది. ఫిల్టర్ ప్రెషర్ డ్రాప్ పెరిగిందని రోహిణీ కార్తెలో ఒక రోజు పొద్దున పదకొండింటికి కాంట్రాక్టు కుర్రాళ్లని పైకి ఎక్కించాం. లోడ్ తొందరలో ఆ ఆర్డరు మీద సంతకం పెట్టింది నేనే. రేకుల గది, గాలాడదు, ఒక్కొక్క ఫిల్టర్ బయటికి లాగుతుంటే దుమ్ము ముఖాన పడుతుంది. ఒంటిగంటన్నరకి ఒక కుర్రాడు కిందికి దిగి, నిచ్చెన ఆఖరి మెట్టు మీద కూర్చుండిపోయాడు. చెమట ఆగిపోయింది. ఒళ్లు పెనంలా ఉంది. నన్ను చూసి "ఇంకా పన్నెండే ఉన్నాయి సార్, అయిపోతాయి" అన్నాడు. తరవాత మాట తడబడింది. చెమట ఆగిపోవడం ఎండదెబ్బ గుర్తుల్లో ఒకటని నాకు అప్పటికి సరిగ్గా తెలియదు. మా జీపు డ్రైవరు తెలిసినవాడు. చొక్కా విప్పి, డ్రమ్ములో నీళ్లు ఒళ్లంతా పోసి, తడిగుడ్డలు చంకల్లో, మెడ చుట్టూ పెట్టి, జీపు కిటికీలు తీసి ఆసుపత్రికి తోలాడు. కుర్రాడు బతికాడు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. వాళ్లమ్మ మంచం పక్కన కూర్చుని నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

గాలి 43 డిగ్రీలుంటే మిషనుకి నాలుగు మెగావాట్లు పోతాయని గంటకోసారి లెక్క రాసేవాళ్లం. ఆ గాలిలో పనిచేసే మనిషికి ఏం పోతుందో రాసే గడి మా లాగ్‌షీట్‌లో లేదు.

నాలుగో రోజున షిఫ్టు బోర్డు మీద సుద్దముక్కతో రాశాం: మార్చి 15 నుంచి జూన్ 15 దాకా ఫిల్టర్ పని తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఎనిమిది వరకే. పైన ఇద్దరు, కింద ఒకరు. కింద ఉన్నవాడి దగ్గర మజ్జిగ బిందె, ఉప్పు. ఏటా బోర్డు తుడిచి మళ్లీ రాసేవాళ్లం. నేను రిటైరైన రోజు చూస్తే ఆ రాత వేరెవరి దస్తూరీలోనో ఉంది, చివర ఒక కొత్త వాక్యం కూడా చేర్చి ఉంది: చెమట ఆగితే పని ఆపాలి.